చిత్తూరులో ఏటా మామిడి పండుగ జరపాలంటే అందులో ఏమేమి ఉండాలి?

గిరింపేట_వాసి
మా చిత్తూరు పట్టణంలో వచ్చే వేసవి నుంచి ఏటా మామిడి పండుగ జరపాలని కొందరు వ్యాపారులూ యువకులూ కలిసి ఆలోచిస్తున్నారు. వారు రాసుకున్న కార్యక్రమాల జాబితా నా చేతికి వచ్చింది. సినిమా పాటల విభావరి, పండ్లు తినే పోటీ, ఫొటోలు దిగడానికి మామిడికాయ ఆకారంలో ఒక పెద్ద ద్వారం, ఇవన్నీ అందులో ఉన్నాయి. తోట కాసిన రైతు లేడు, కాయ కోసిన కూలీ లేడు, సరిగ్గా ఇదే కాలంలో మన పల్లెల్లో జరిగే భారతం, జాతర ఊసే లేదు. ఆ జాబితాను ఏ ఊరికి తీసుకెళ్లినా పేరు మార్చి జరుపుకోవచ్చు. చిత్తూరు మామిడి పండుగ అనిపించుకోవాలంటే అందులో ఏముండాలో మీరు చెప్పండి. తరువాతి సమావేశంలో నేను మాట్లాడవలసి ఉంది.

బంగారుపాళ్యం_రైతు
పండుగ మాట ఎత్తగానే నాకు 2025 సీజనే కళ్లముందుకు వస్తుంది. తోతాపురి రకానికి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు రైతుకు అందేలా ధర ప్రకటించారు గాని, కాయను ఫ్యాక్టరీ గేటు దాటించడమే గగనమైపోయింది. ముందు టోకెను కోసం, టోకెను దొరికాక సరుకు దించుకోవడం కోసం ట్రాక్టర్ల మీదే రాత్రిళ్లు గడిపాం. అడుగున ఉన్న కాయ మెత్తబడి రసం కారుతుంటే, ర్యాంపులో, అంటే వ్యాపారులు కాయ కొనే చోట, అడిగిన ధరకు ఇచ్చేసి ఇంటికి వచ్చినవాళ్లు ఉన్నారు. కోత కూలి కూడా గిట్టదని చెట్టు మీదే వదిలేసినవాళ్లూ మా ఊళ్లో ఉన్నారు. పంట ఇంటికి చేరిన సంతోషంతో చేసుకునేది పండుగ. ఆ సంతోషం లేనప్పుడు మమ్మల్ని ఏ ముఖం పెట్టుకొని పిలుస్తారు?

కృష్ణగిరి_తెలుగు
అన్నా, మీ బాధ కాదనను. ఇక్కడ సరిహద్దు దాటి తమిళనాడులోని కృష్ణగిరిలోనూ తోతాపురి కథ అంతే. అయినా ఇక్కడ ఏటా మామిడి ప్రదర్శన జరుగుతుంది. రైతులు తెచ్చిన రకాలను పళ్లేల్లో పేర్చి, ఒక్కొక్కదాని ముందు పేరు రాసి పెడతారు, మంచి కాయకు బహుమతి ఇస్తారు. ఢిల్లీలో 1987 నుంచి మామిడి ఉత్సవం జరుపుతున్నారు. బెంగళూరు లాల్‌బాగ్ మేళాలో రైతే దుకాణం పెట్టి, తాను మాగబెట్టిన పండును కొనేవాడి చేతికి నేరుగా అందిస్తాడు. నేను అక్కడికి వెళ్లినప్పుడు రామనగర వైపు రైతు ఒకరు తన తోట పేరున్న చీటీ ఇచ్చారు. ఆయనకు పండుగంటే విభావరి కాదు, వచ్చే ఏటికి కూడా తన దగ్గరే కొనే మనుషులు. సంతోషం ఉన్న ఏడే పండుగ చేయాలంటే మామిడి రైతు ఎన్నేళ్లు ఎదురుచూడాలి?

దామలచెరువు_మండీ
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీసి చూడాలి. మన దగ్గర తోతాపురి ఎక్కువగా పోయేది గుజ్జు ఫ్యాక్టరీలకు. దాని ధరను పండు తినేవాడు నిర్ణయించడు. పానీయాల కంపెనీల ఆర్డర్లు, ఇతర దేశాలకు వెళ్లే ఎగుమతులు, నిరుడు తీసిన గుజ్జు ఇంకా ఎన్ని డ్రమ్ముల్లో మిగిలి ఉందన్న లెక్క, ఇవి నిర్ణయిస్తాయి. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల దాకా గుజ్జు ఉంటుంది. గోదాములో డ్రమ్ములు కదలకపోతే కొత్త కాయకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత గొప్ప పండుగ చేసినా ఆ లెక్క మారదు.

బేనీషా (బంగినపల్లి), ఖాదర్, మల్గూబ, కాలేపాడు, ఇమాంపసంద్, రుమానీ, సేందూర, నీలం, మల్లిక వంటి తినే రకాల సంగతి వేరు. వీటికి పేరు, నమ్మకం రెండూ కావాలి. కాలేపాడు రుచి తెలిసినవాడు మరో పండు అడగడు, కాని మద్రాసు, బెంగళూరు దారిన వెళ్లేవారిలో ఆ పేరు విన్నవాళ్లు చాలా తక్కువ. పండుగ వల్ల మేలు జరిగితే ఈ రకాలకే జరుగుతుంది. ఇది మండీ మనిషిగా నా అనుభవంతో చెబుతున్న మాట.

బంగారుపాళ్యం_రైతు
మండీ అన్న చెప్పింది నిజమే గాని, మా పక్క తోటల్లో అధికభాగం తోతాపురే. ఫ్యాక్టరీలు వచ్చాక అవి కొంటాయనే నమ్మకంతోనే పాత చెట్లు తీసి తోతాపురి పెట్టాం. ఇప్పుడు తినే రకాలకు పేరు తెస్తామంటే మా తోటలు ఆ పేరుకు బయటే ఉండిపోతాయి.

నాటుమామిడి
రైతు అన్న చెప్పిన ఆ పాత చెట్ల గురించే నేను మాట్లాడాలనుకుంటున్నాను. టెంక నుంచి మొలిచిన చెట్టు తల్లి చెట్టులా కాయదు, అందుకే ప్రతి నాటు చెట్టుదీ వేరే రుచి. గట్టు మీది చెట్టు, బావి దగ్గరి చెట్టు, గుడి వెనుక చెట్టు అని ఆ పండ్లను పల్లెల్లో గుర్తుపెట్టుకునేవారు. పీచు ఎక్కువైనా రసం పిండుకొని తాగడానికి కొన్ని, ఊరగాయకు కొన్ని, ఎంత మాగినా పులుపు వదలని పండ్లు పప్పులోకి కొన్ని ఉండేవి. రోడ్ల వెడల్పులో కొన్ని పోయాయి, కలపకు కొన్ని పోయాయి, తోతాపురి కోసం మిగిలినవి పోయాయి.

చిత్తూరు మామిడి వారసత్వం అంటే నాకు మొదట గుర్తుకొచ్చేవి ఈ చెట్లే. వీటి కాయలను పండుగకు తెప్పించి, ఏ ఊరి ఏ చెట్టుదో రాసి పెట్టాలి. మంచి చెట్టు కనబడితే దాని కొమ్మ తీసి అంటు కట్టవచ్చు. అంటు కడితేనే ఆ రుచి నిలుస్తుంది, టెంక నాటితే మళ్లీ వేరే చెట్టే అవుతుంది. రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, అక్కడివారిని పిలిచి చూపించవచ్చు.

పుత్తూరు_టీచరమ్మ
నాటుమామిడి గారి ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఈ చెట్ల వివరాలు సేకరించే పని బడిపిల్లలకు అప్పజెప్పండి. వేసవి సెలవుల్లో అవ్వల దగ్గరికి, తాతల దగ్గరికి వెళ్లి ఏ చెట్టు ఎవరు నాటారో, దాని కాయతో ఏమేమి చేసేవారో రాసుకొస్తారు. బాగా రాసినవారికి బహుమతిగా పుస్తకాలు కాకుండా గంపెడు పండ్లు ఇవ్వండి, అప్పుడు చూడండి ఎంతమంది రాస్తారో!

కాణిపాకం_కోడలు
వారసత్వం గురించి ఇంత మాట్లాడుకుంటూ మా కాణిపాకం కథను ఎవరూ తలచుకోలేదు. శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ములు స్వామి దర్శనానికి వస్తూ దారిలో అలసిపోయారు. ఆకలికి తాళలేక తమ్ముడు లిఖితుడు ఒక తోటలో అడగకుండా మామిడిపండు కోసుకున్నాడు. వద్దని చెప్పిన అన్నే అతణ్ణి రాజు దగ్గరికి తీసుకెళ్లాడు, రాజు ఆ చేతులు రెండూ నరికించాడు. ఆ తరువాత ఏటిలో మునిగినప్పుడు లిఖితుడికి చేతులు తిరిగి వచ్చాయి. బాహువులను ఇచ్చింది కాబట్టి ఆ ఏరు బాహుదా నది అయింది. వరసిద్ధి వినాయకుడి దర్శనానికి వచ్చేవారికి పూజారులు ఇప్పటికీ చెప్పే స్థలపురాణం ఇది.

మా అత్తగారు ఈ కథ చెప్పినప్పుడల్లా శిక్ష గురించి కాక తోట యజమాని గురించి మాట్లాడేవారు. దారినపోయేవాడికి ఒక పండు ఇవ్వడానికి తోటవాళ్లు ఎప్పుడూ వెనుకాడకూడదని అనేవారు. మా తోటలో ఇప్పటికీ బాట పక్కనున్న చెట్టు కాయలు మేము అమ్మము. పండుగ ఎక్కడ చేసినా, మొదటి గంప వినాయకుడికి సమర్పించి, ఆ పండ్లను దర్శనానికి వచ్చినవారికి పంచితే బాగుంటుంది.

గిరింపేట_వాసి
కోడలమ్మా, ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నా, మామిడి పండుగతో దీనికి ఉన్న సంబంధం మా ఎవరికీ తట్టలేదు. మొదటి గంప మాట రాసుకున్నాను.

తపస్సు_మాను
భారతం ప్రస్తావన మొదటి టపాలోనే వచ్చింది, మా కుటుంబం తరతరాలుగా ఆ నాటకాలు ఆడే మేళంలో ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన జిల్లాలో ధర్మరాజుల గుడి, ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లలో వేసవిలో పద్దెనిమిది రోజుల పాటు మహాభారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. బకాసుర వధ రోజున భీముడి వేషధారి బండి ఎక్కి ఊరంతా తిరుగుతాడు, ఇంటింటివాళ్లూ తినుబండారాలు తెచ్చి ఆ బండిలో పెడతారు. అర్జునుడి తపస్సు రోజున ఎత్తైన మానును నిలబెడతారు. అర్జునుడి వేషధారి పద్యాలు పాడుతూ దాని మీదికి ఎక్కుతుంటే, కింద సంతానం కోరుకునే స్త్రీలు తడిబట్టలతో వరపడి, అంటే వరం కోరి నేల మీద సాగిలపడి ఉంటారు. చివరి రోజు ఉదయం నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండ ప్రవేశం.

ఇప్పుడు మామిడి సంగతికి వస్తాను. మా ఊళ్లో భారతం జరిగేది సరిగ్గా బేనీషా దిగే రోజుల్లో. బకాసురుడి బండిలో పులిహోర, వడలతో పాటు మామిడిపండ్ల గంపలు తప్పకుండా ఉంటాయి. తోటలు గుత్తకు తీసుకున్నవాళ్లు కూడా ఆ రోజు ఒక గంప పంపుతారు. నాటకం అయ్యాక ఆ పండ్లు పంచితే, రాత్రంతా మేలుకున్న పిల్లలు బండి చుట్టూ మూగుతారు. ఎవరూ పండుగ అని పేరు పెట్టకపోయినా మా ఊరి మామిడి పండుగ అదే. పట్టణంలో కొత్తగా చేసేవాళ్లు మా మేళాలను పిలిచి రెండు రాత్రులు నాటకం ఆడించాలి. విభావరికి పెట్టే ఖర్చులో కొంత ఇస్తే మా కళాకారులకు ఏడాది పొడవునా ధైర్యంగా ఉంటుంది.

తాతయ్యగుంట
తపస్సు_మాను గారి మాటల్లో ఆఖరి భాగంతో నేను ఏకీభవించలేను. మాది తిరుపతి, గంగమ్మ జాతర మా వీధిలోదే. మే నెలలో చాటింపు వేసిన నాటి నుంచి విశ్వరూపం దాకా బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం కడతారు. పాలెగాడి కోసం అమ్మవారు మారువేషాల్లో వెతికిన కథను ఊరంతా తమ ఒంటి మీద ధరిస్తుంది. ఆ వేషం మొక్కుతో వేసేది. దాన్ని తెచ్చి వేరే ఊరి వేదిక మీద, చప్పట్ల మధ్య ప్రదర్శించమంటే మొక్కు పోయి కేవలం రంగు మిగులుతుంది. భారతం కూడా గుడి ముందు దీక్షతో జరగవలసినదే. మామిడి పండుగకు ఆకర్షణ కోసం తపస్సు మానును మైదానంలో నాటడం నాకు సమ్మతం కాదు.

తపస్సు_మాను
మీరన్న తేడా నాకు తెలుసు, నేను ఆ దీక్ష పట్టినవాడినే. తపస్సు మానును, అగ్నిగుండాన్ని మైదానానికి తెమ్మని నేను చెప్పలేదు, చెప్పను కూడా. గుడికి కట్టుబడినవి గుడి దగ్గరే ఉంటాయి. కాని ద్రౌపదీ కల్యాణం, కీచక వధ, కర్ణ మోక్షం వంటి నాటకాలను మేళాలు ఎక్కడ పిలిచినా వెళ్లి ఆడుతూనే ఉన్నాయి. పిలుపులు తగ్గిపోయి మా వేషధారులు పగలు ఆటోలు నడుపుకుంటున్నారు. పవిత్రత కాపాడాలంటే ముందు పాడేవాడు మిగలాలి కదా.

తాతయ్యగుంట
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. మొక్కుతో చేసేవి వద్దు, మేళాలు బయట ఆడే నాటకాలు రావచ్చు. ఈ గీత గీసుకున్నాకే పిలవండి. లేకపోతే మొదటి ఏడు నాటకమే వస్తుంది, మూడో ఏటికి ఎవరో మాతంగి వేషం ఫ్యాన్సీ డ్రెస్సు పోటీ పెడతారు.

గుడిపాల_పల్ప్‌లైన్
నేను సీజనులో గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. మా లైనులో ఎక్కువమంది ఆడవాళ్లమే. కాయ కడగడం, మెత్తటివీ కుళ్లినవీ ఏరడం, ముక్క కోసి టెంక వేరుచేయడం మా పని. సొన తగిలి చేతుల మీద మచ్చలు పడతాయి, సీజను అయిపోయిన చాలా రోజులకు గాని మానవు. మీ చర్చలో రైతు వచ్చాడు, మండీ వచ్చింది, దేవుడు వచ్చాడు, మేము ఇంకా రాలేదు. పండుగ జూన్ నెలాఖరున పెడితే మేము రాత్రింబవళ్లు షిఫ్టుల్లో ఉంటాం, మాకు చూసే వీలే ఉండదు. జిల్లాలో ఇంతమంది చేతుల మీదుగా నడిచే పంటకు పండుగ చేస్తూ, ఆ చేతులు లోపల పనిలో ఉండగా బయట పాటలు పాడుకుంటారా?

బంగారుపాళ్యం_రైతు
అక్కా, మీరు చెప్పాక నాకు మా కోత మనుషులు గుర్తుకొచ్చారు. చిక్కం పట్టి కాయకు దెబ్బ తగలకుండా, తొడిమ విరగకుండా దించడం అందరికీ రాదు. తొడిమ ఊడితే సొన కాయ మీదికి కారి మచ్చ పడుతుంది, ఆ మచ్చ చూపించి మండీలో ధర తగ్గిస్తారు. చిటారు కొమ్మ కాయను కూడా నేల తగలకుండా దించే పెద్దాయన ఒకరు మా తోటకు వస్తారు. తినే పోటీ బదులు కోసే పోటీ పెట్టండి. గెలిచినవారికి వేదిక మీద శాలువా కప్పి, మంచి కూలి వచ్చేంత బహుమతి చేతికివ్వండి. అటువంటి పోటీ ఉంటే నేను నా మనుషులను తీసుకొని వస్తాను.

కృష్ణగిరి_తెలుగు
ఏ రోజుల్లో పెట్టాలన్నదే అసలు చిక్కు. మే మూడో వారమైతే బేనీషా, ఖాదర్ వస్తాయి, తోతాపురి ఇంకా పూర్తిగా దిగదు. జూన్ అయితే తోతాపురి, నీలం ఉంటాయి గాని అక్క చెప్పినట్టు ఫ్యాక్టరీలు నడుస్తుంటాయి, వానలూ మొదలవుతాయి, బడులూ తెరుస్తారు.

పుత్తూరు_టీచరమ్మ
ఏరువాక పున్నమికి పెట్టవచ్చు కదా? జ్యేష్ఠ పౌర్ణమి నాటికి దాదాపు అన్ని రకాలూ ఏవో కొన్ని దొరుకుతాయి. రైతు ఎద్దులకు అలంకరించి అరక కట్టే రోజు అది.

దామలచెరువు_మండీ
ఏరువాక మంచి రోజే గాని, ఆ సమయానికి మండీలు, ర్యాంపులు, ట్రాక్టర్లు అన్నీ ఊపిరాడని పనిలో ఉంటాయి. అమ్మేవాడు, కొనేవాడు, మోసేవాడు రాకుండా ఎవరితో జరుపుతారు? మే నెలలో పెట్టండి. తోతాపురి కాయ అప్పటికి పచ్చిగా ఉన్నా పరవాలేదు, కరకరలాడే తోతాపురి ముక్కకు ఉప్పూకారం అద్దుకొని తినని మనిషి మన జిల్లాలో ఉన్నాడా?

గుడిపాల_పల్ప్‌లైన్
మే అయితే లైను ఇంకా పూర్తిగా నడవదు, మేము వస్తాం.

కాణిపాకం_కోడలు
మే నెలకే నా ఓటు కూడా. అప్పుడే ఇళ్లలో ఊరగాయలు పెడతారు, ఒరుగులు ఎండబెడతారు, చాపల మీద తాండ్ర పొరలు పొరలుగా పోస్తారు. తాండ్ర పోయడానికి మంచి ఎండ కావాలి, మబ్బు పడితే పొర ఆరదు, బూజు పడుతుంది. దుకాణంలో కొన్న తాండ్ర తిన్న పిల్లలకు అది ఎలా తయారవుతుందో చూపించాలంటే ఎండకాలమే సరైనది. రాగిసంగటి, మామిడికాయ పప్పు, కొత్త ఊరగాయతో అందరికీ ఒక పూట భోజనం పెట్టండి. మా వీధి ఆడవాళ్లం వచ్చి వండుతాం.

నాటుమామిడి
ఒక షరతు చేర్చుకోండి. పండుగలో అమ్మే ఏ పండునూ కార్బైడుతో మాగబెట్టకూడదు. అది చట్టం నిషేధించిన పద్ధతే. వరిగడ్డిలో మాగేసినవి, లేదంటే అనుమతి ఉన్న ఇథిలీన్ వాయువు గదుల్లో పండించినవి మాత్రమే రావాలి. మే మొదట్లో తొందరపడి కోసిన లేత కాయకు రంగు వస్తుంది గాని తీపి రాదు. అటువంటి పండు తిన్న అతిథి మన బేనీషా ఇంతేనా అనుకొని వెళ్లిపోతాడు. అందుకే మే ఆఖరి వారం పెట్టమంటాను.

బంగారుపాళ్యం_రైతు
నాది కూడా ఒక షరతు ఉంది. మైదానంలో కనబడేచోట ఒక పెద్ద బోర్డు పెట్టి, ఆ రోజు ఏ రకానికి మండీలో ఏ ధర, ర్యాంపులో ఏ ధర, ఫ్యాక్టరీ ఎంతకు కొంటుందో రాయండి. పండుగకు వచ్చే అధికారులు, వ్యాపారులు, పట్టణంవాళ్లు ఆ బోర్డు చదివే లోపలికి రావాలి. ఆ పక్కనే రైతులతో ఫ్యాక్టరీలవాళ్లు, ఉద్యానశాఖవాళ్లు కూర్చొని టోకెన్ల పద్ధతి గురించి సీజను ముదరకముందే మాట్లాడాలి. మే ఆఖరు అంటే దానికి సరైన సమయం, కాయ లారీ ఎక్కాక మాట్లాడి లాభం లేదు. ఈ రెండూ ఉంటే నేను ముందు రాసిన మాట వెనక్కి తీసుకొని, మా ఊరి రైతులను నేనే పిలుస్తాను.

గిరింపేట_వాసి
ఇంతవరకు వచ్చినవాటిని సమావేశంలో ఇలా పెడతాను. మే ఆఖరి వారంలో మూడు రోజులు. మొదటి గంప కాణిపాకానికి. కోత పోటీ, నాటు మామిడి ప్రదర్శన, రైతుల సొంత దుకాణాలు, ధరల బోర్డు, ఫ్యాక్టరీలవారితో రైతుల సమావేశం, రెండు రాత్రులు వీధి నాటకం, సంగటి భోజనం. గుజ్జు లైనులో పనిచేసే అక్కచెల్లెళ్లను కోత మనుషులతో సమానంగా వేదిక మీదికి పిలుస్తాం. విభావరి కావాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు, మేళానికి ఇవ్వవలసింది ఇచ్చాక డబ్బు మిగిలితే పెట్టుకోమంటాను. నాటు కాయలు ఎలా సేకరించాలో నాటుమామిడి గారు చెబితే ఇప్పటి నుంచే ఊళ్లకు కబురు పంపుతాను.

నాటుమామిడి
చెట్టుకు కనీసం అయిదారు కాయలు, తొడిమ బొటనవేలంత ఉంచి కోయాలి, పక్వానికి వచ్చి ఇంకా గట్టిగా ఉన్నప్పుడే కోయాలి. కోసిన వెంటనే తొడిమ కిందికి ఉండేలా బోర్లించి సొన కారిపోనివ్వాలి. గంపలో అడుగున వరిగడ్డి వేసి, చీటీ మీద ఊరు, చెట్టు ఉన్న చోటు, ఎవరి పొలం, ఇంటివాళ్లు దానిని ఏ పేరుతో పిలుస్తారు, ఆ కాయతో ఏం వండుతారు, ఇవన్నీ రాయాలి. చెట్టు మొత్తం కనబడేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. అంటు కట్టడానికి కొమ్మలు తరువాత తీసుకోవచ్చు గాని, ఈ లోపల ఆ చెట్టును కొట్టవద్దని పొలంవాళ్లకు ఒక్క మాట చెప్పి రండి.

తపస్సు_మాను
మా ఊరి ధర్మరాజుల గుడి వెనుక అటువంటి చెట్టు ఒకటి ఉంది, కాయ చిన్నది, తేనె రంగు గుజ్జు. ఈసారి భారతం నాటికి దాని కాయలు దించి చీటీతో సహా పంపిస్తాను.